అయ్య దీక్ష పుస్తకం

మొన్న సోమవారం సన్యాసి మావ రాజాం వచ్చి, మా గుమ్మంలో నిలబడి, సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. ఎరువుల బస్తా ముక్కలో చుట్టి, పురికొసతో కట్టి ఉంది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. వాసన పట్టిచ్చేసింది. తడిసిన ఇనుములాగా, ఎండిన బురదలాగా ఉండే మా మాంగనీసు గని వాసన. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది, పొయ్యి మీద పాలున్నాయి, రెండూ మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

“ఏటి మావా, ఇన్నాళ్ళకి ఈ గుంట గుర్తొచ్చిందేటి?” అని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“గుర్తు రాక ఏటి. గని కాడ యూనియను పాక పీకీస్తన్నారు. పెట్టె తీస్తే అడుగున ఇది ఉన్నాది. మీ అయ్య రాత. సెత్తలో పడీడానికి నాకు సెయ్యి రానేదు. నువ్వే ఉంచుకో,” అన్నాడు. పొంగిన పాలలో మిగిలిన వాటితో టీ పెట్టిస్తే తాగి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. పుస్తకాన్ని రెండు రోజులు విప్పలేదు. బియ్యం డబ్బా మీద పెట్టి, దాని పక్కనుంచి నడిచిన ప్రతిసారీ చూపు తిప్పుకున్నాను. ఒక పుస్తకానికి భయపడతారా అంటే, నేను పడ్డాను. ఎందుకో చెప్పాలంటే మా అయ్య గురించి చెప్పాలి.

అయ్య పేరు తవుడు. ఆయనకి ముందు పుట్టిన ఇద్దరూ పోతే, ఈయన్నైనా దక్కించుకోవాలని పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటి ముసలమ్మ తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేశారట. అందుకని ఆ పేరు. అయ్య గనిలో డ్రిల్లు మిషను పట్టేవాడు, గని కార్మికుల యూనియనుకి నాయకుడు. చదివింది ఆరో తరగతే గానీ ఆ చేతిరాత చూడాలి. గారెల్లా గుండ్రంగా, ఒక్కో అక్షరం వేలెడంత. గోడల మీద యూనియను మాటలు ఆయనే రాసేవాడు. మీటింగు పుస్తకం కూడా ఆయనే రాసేవాడు. అయ్య రాస్తుంటే పక్కన కూర్చుని చూడ్డం నాకు ఆ రోజుల్లో పెద్ద సరదా.

మా ఇంట్లో తెల్లగా ఉండేది అన్నం ఒక్కటే. మిగతావన్నీ నలుపు. గుమ్మం, మంచం, అమ్మ చీర అంచు, ఆరేసిన నా స్కూలు జాకెట్టు, అన్నీ. అమ్మ పేరు పైడమ్మ. అమ్మ కూడా గనిలోనే, పైన రాయి ఏరే పని. అయ్య దిగేది పొద్దున షిఫ్టు. మధ్యాహ్నం రెండున్నరకి వచ్చి పెరట్లో పీట మీద కూర్చుంటే, అమ్మ చింతపండు గుజ్జు వేసి ఆయన చేతులు రుద్దేది. నీళ్ళు నల్లగా పారి అరటి చెట్టు మొదలుకి పోయేవి. గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం ఎప్పుడూ పోలేదు. తర్వాత అరుగు మీద మనుషులు చేరేవారు. ఎవరికో సెలవు ఇవ్వలేదని, ఎవరికో బూట్లు రాలేదని, ఎవరి వేలో నలిగిందని. పాలు లేని టీ, బీడీల పొగ, అయ్య గొంతు. అయ్య గొంతు పెద్దది. గేటు దగ్గర మాట్లాడితే రాయి ఏరే చోటికి వినిపించేదని అమ్మ చెప్పేది. మందుగుండు పేల్చే ముందు సైరను కూసేది. అది కూసినప్పుడల్లా అమ్మ ఏం చేస్తున్నా ఆపేసేది. గరిటె గాల్లో ఉండిపోయేది. పేలుడు అయిపోయి రెండో సైరను కూసేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. భయపడ్డం నాకు అమ్మే నేర్పింది, ఎలా ఆపాలో మాత్రం నేర్పలేదు.

నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు డ్రిల్లర్ల నడక మారడం మొదలైంది. ముందు అప్పలస్వామి. మడమలు నేలకి ఆనకుండా, కోడిపుంజులా మునివేళ్ళ మీద నడిచేవాడు. వెనక్కి ఒక్క అడుగు వేస్తే చాలు, వెల్లకిలా పడిపోయేవాడు. ముఖం ఫొటోకి దిగినట్టు బిగిసిపోయి ఉండేది. తర్వాత ఇంకొకడు, ఇంకొకడు. పదకొండు మంది అయ్యారు. పొడిగా డ్రిల్లు వేస్తే లేచే ఆ నల్లదుమ్మే తింటోందని అయ్య అనుమానం. నీళ్ళు కొడుతూ డ్రిల్లు వేయించండి, వీళ్ళని పెద్దాసుపత్రికి పంపండి అని ఆఫీసుకి వెళ్ళి అడిగాడు. మేనేజరు నవ్వాడట. “మీవాళ్ళు తాగి తూలుతున్నారు తవుడూ. సారాకి మా దగ్గర మందు లేదు,” అన్నాడట.

తాగేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. సన్యాసి మావే ఉన్నాడు, లారీలకి రాయి ఎత్తేవాడు, ఆదివారం వస్తే ఏ గట్టు మీద పడి ఉన్నాడో భార్య నీలమ్మత్త వెతుక్కునేది. అందుకే ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఆ రోజు అయ్య అన్నం తినలేదు. మర్నాడు మధ్యాహ్నం దుర్గాలమ్మ గుడి ముందు అందర్నీ కూర్చోబెట్టాడు.

“మనం సెప్తే కంపెనీ నమ్మదు. మరి ఎలగ?” అన్నాడు. “నలభై రోజులు అమ్మోరి దీక్ష. ఎవుడూ సుక్క ముట్టకూడదు. నలభై రోజులయ్యేక కూడా తూలినోడు తూలితే, అది సారా కాదు, గని. అప్పుడు ఏటంటారో సూద్దాం.”

“మగోళ్ళు తాగనేదని మగోళ్ళే సెప్తే సాలేటి? ఊరంతా నవ్వుతాది,” అంది నీలమ్మత్త. “మేం సెప్పాల. రోజూ సాయంత్రం మేం నోరు వాసన సూస్తాం. నువ్వు పుస్తకంలో రాయు బావ.”

అలా మొదలైంది. గనిలో పనిచేసే ప్రతి మగాడి ముంజేతికీ పసుపు దారం కట్టారు. మందు ముట్టిన మొదటి రోజే దారం తెంపేసి అందరి ముందూ గుడి మెట్టు మీద పెట్టాలి. రోజూ సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఆడవాళ్ళు మా అరుగు దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరే మొగుడి పేరు చెప్పి ‘సుద్దం’ అనేవారు. అయ్య మీటింగు పుస్తకంలోనే కొత్త పేజీ తీసి ఆ పేరు, దాని పక్కన ‘శుద్ధం’ అని రాసేవాడు. నాకు అదొక తిరునాళ్ళ లాగా ఉండేది.

“మా వోడు సుద్దమే గానీ, ఉల్లిపాయ కంపుకి సచ్చిపోతన్నాను. అదీ రాయు బావా!” అనేది నీలమ్మత్త.

“ఒసే, ఇరవయ్యేళ్ళకి మొగుడు మొహం దగ్గిరికి ఎల్లినావు. ఉల్లిపాయకి దండం పెట్టుకో!” అని ఇంకొకావిడ. అరుగంతా నవ్వులు. సన్యాసి మావ గోడవతల నిలబడి, “వోలమ్మో, నన్ను ముద్దాయిని సేసీసినారు,” అని గొణిగేవాడు. కానీ దారం తెంపలేదు.

పదిహేను రోజులు దాటాక నా సరదా పోయింది. అప్పలస్వామి వాళ్ళమ్మ చనిపోయింది. ఆవిడ పదకొండో రోజు భోజనాలకి వెళ్ళాం. అప్పలస్వామి బిగిసిన ముఖంతో, ఏడవడం కూడా రాక కూర్చున్నాడు. అయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, ఉన్నట్టుండి నవ్వాడు. చిన్న నవ్వు కాదు. ఆపుకోవాలని చూసి, ఆగక, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. పంక్తిలో అందరూ తలలు తిప్పారు. నవ్వుతున్నది అయ్యలాగా లేదు, అయ్య లోపల ఇంకెవరో కూర్చుని నవ్వుతున్నట్టుంది. రెండు రోజుల తర్వాత పెరట్లో కోడి అడ్డొస్తే ఒక అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి కూడా ఆనించుకోకుండా దుంగలా పడ్డాడు. అమ్మ లేవదీసి, చెంబుతో నీళ్ళిచ్చి, ఆయన మొహం దగ్గర మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

అమ్మకి సారా వాసన దొరకలేదు, అనుమానం మాత్రం దొరికింది. జామాకు నమిలి వస్తున్నాడేమో, లవంగం బుగ్గన పెడుతున్నాడేమో. ఆ రోజుల్లోనే అయ్య పని నుంచి రెండున్నరకి రావడం మానేసి మూడున్నరకి, నాలుగింటికి రావడం మొదలుపెట్టాడు. ఎక్కడికి వెళ్ళావంటే ‘పనుంది’ అనేవాడు. దీక్ష పెట్టినవాడే దీక్ష తప్పితే ఏమవుతుందో తొమ్మిదేళ్ళ నాకే తెలుసు. ఇంక ఆ పుస్తకానికి విలువుండదు. పదకొండు మందీ తాగుబోతుల కిందే జమ. మిగతావాళ్ళు పొడి దుమ్ములోనే డ్రిల్లు వేస్తారు. అయ్య మొహం మళ్ళీ ఎవరూ చూడరు.

ముప్పై ఒకటో రోజు నన్ను బడి మాన్పించింది. “ఒలే గౌరీ, మీ అయ్య గని గేటు దాటేక ఎటు ఎల్తాడో సూసి రా. కనపడకుండా ఎల్లు. ఎవుళికీ సెప్పకు,” అంది. అమ్మ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఎర్రటి ఎండ. అయ్య గేటు దాటి, ఇంటి దారి వదిలేసి, పనికిరాని మట్టి పోసిన గుట్టల వెనక్కి నడిచాడు. అక్కడ పాత కాటా పాక ఉంది. ఒకప్పుడు లారీలు తూచేవారు, ఇప్పుడు ఎవరూ వెళ్ళరు. నేను గుట్ట చాటున బోర్లా పడుకున్నాను. నోట్లో మట్టి. గుండె చప్పుడు అయ్యకి వినిపిస్తుందేమోనని భయం. అయ్య అటూ ఇటూ చూసి, పంచె బొడ్డులోంచి ఏదో తీశాడు. సారా పేకెట్టే, అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. దుర్గాలమ్మా, ఒలికిపోవాలి, చిరిగిపోవాలి అని మొక్కుకున్నాను. కళ్ళు తెరిస్తే అయ్య ఒంగి ఉన్నాడు. చేతిలో నా బలపం. వారం నుంచి బలపాలు పోతున్నాయని బెంచీలో పక్కపిల్లతో జుట్టు పట్టుకుని కొట్టుకున్నాను నేను!

కాటా ఇనప రేకు మీద అయ్య బలపంతో గీత గీశాడు. ఈ చివర నుంచి ఆ చివరకి. ఆ గీత మీద నడవడం మొదలుపెట్టాడు. మడమ ఆనించాలని చూస్తున్నాడు, ఆనడం లేదు. చివరికి వెళ్ళి తిరగబోయి పడ్డాడు. లేచాడు. ఈసారి వెనక్కి నడవబోయాడు. ఒక అడుగు. రెండో అడుగుకి దభీమని పడ్డాడు. కాసేపు ఆకాశం చూస్తూ పడుకున్నాడు. మళ్ళీ లేచి, గీత చెరిపి, కొత్త గీత గీశాడు.

నేను లేచి పరుగు. కాళ్ళకి చెప్పుల్లేవు, తెలియలేదు. అంత సంతోషం నా జన్మలో లేదు. అమ్మ గుమ్మంలో చేటలో బియ్యం ఏరుతోంది.

“అమ్మా! అయ్య తాగట్లేదే! ఒట్టు! నడుస్తన్నాడంతే! గీత గీసుకుని దాని మీద నడుస్తన్నాడు!”

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. “పడిపోతన్నాడా?”

“రెండుసార్లు పడ్డాడు. అయినా లెగిసిపోనాడు,” అన్నాను, మా అయ్య ఎంత గట్టివాడో చూడమన్నట్టు.

అమ్మ చేట పక్కన పెట్టింది. పెట్టిందనుకుంది గానీ అది ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి. వాటివైపు చూడలేదు. “తాగినా బాగుణ్ణే తల్లీ,” అంది. “తాగితే మానిపించీదాన్ని.”

అప్పుడు అర్థమైంది నాకు, నేను తెచ్చిన కబురేమిటో.

అయ్య వచ్చాక పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, చేతులు రుద్దుతూనే అడిగింది అమ్మ. నేను అరటి చెట్టు దగ్గర నిలబడ్డాను.

“రేపే ఆసుపత్రికి పద.”

“తొమ్మిది రోజులే ఉన్నాది పైడీ.”

“నీ దీక్ష నీది. నా మొగుడు నాకు కావాల.”

“ఇప్పుడెల్తే, నాయకుడు తన జబ్బు కోసమే ఇదంతా ఆడించినాడంటారు. ఆళ్ళు పదకొండు మంది ముందు ఎల్లాల. నాను పన్నెండోవోణ్ణి.” తర్వాత నన్ను దగ్గరికి పిలిచాడు. నవ్వాలని చూశాడు, ముఖం కదల్లేదు. “నీ బలపాలు నానే తీసినాను గౌరీ. కొనిస్తాను. ఎవుళికీ సెప్పకు. నా మీద ఒట్టు.”

ఆ తొమ్మిది రోజుల భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. సైరను భయానికి రెండో సైరను ఉండేది. దీనికి లేదు. అయ్య నడుస్తుంటే ముందు నడిచి రాళ్ళు తీసేసేదాన్ని. ఆయన వెనక కోడి రాకుండా కర్ర పట్టుకుని కాపలా కాసేదాన్ని. సాయంత్రం అమ్మ కూడా అందరిలో నిలబడి “మా వోడు సుద్దం” అనేది. అప్పటికి ఆడవాళ్ళ చూపు మారిపోయింది. నవ్వులు తగ్గాయి.

“ఏటో పైడీ, మీ వోడి నడక సూస్తే దీక్ష మాకేనేటి, ఆయనకి నేదేటి అనిపిస్తన్నాది,” అంది ఒకరోజు నీలమ్మత్త. అమ్మ తల వంచుకుంది. నాకు అరవాలని ఉంది. ఒట్టు అడ్డొచ్చింది. పేర్లు రాయడానికి అయ్యకి రెట్టింపు సేపు పట్టేది. “నాను రాస్తాను అయ్యా,” అంటే, “వొద్దు. మొదట్నించీ నా సేతి రాతే ఉండాల. రాత మారితే దొంగ పుస్తకం అంటారు,” అనేవాడు.

నలభయ్యో రోజు షిఫ్టు దిగాక అందరూ ఆఫీసు ముందు చేరారు. పదకొండు మంది డ్రిల్లర్లు ఒక వరస. అయ్య పుస్తకం పట్టుకుని ముందు నిలబడ్డాడు. మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. అదే సమయానికి లారీ ఒకటి పక్కకి తిరిగింది, హారను కొట్టింది. అయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పుస్తకం ఒకవైపు, అయ్య ఒకవైపు.

“ముందు మీ నాయకుడి దీక్ష సంగతి చూసుకోండి,” అన్నాడు మేనేజరు. ఆయన వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. సన్యాసి మావ తన దారం మీద చెయ్యి వేశాడు. తెంపేస్తాడనుకున్నాను.

అమ్మ రాయి ఏరే వరసలోంచి వచ్చింది. చేతిలో రాయి కొట్టే సుత్తి ఇంకా ఉంది. దాన్ని కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, అయ్య మొహం మీదికి ఒంగింది. ఊపిరి పీల్చింది. లేచి, రోజూ అరుగు దగ్గర చెప్పినట్టే, “సుద్దం,” అంది.

నీలమ్మత్త అమ్మ వైపు చూసింది, అయ్య వైపు చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తనూ కూర్చుంది. వాసన చూసింది. ఆమె మొహం నల్లదుమ్ములో కూడా తెల్లబోయింది. “సుద్దం,” అంది, ఏడుస్తూ. తర్వాత ఇంకొకావిడ. ఇంకొకావిడ. ఆడవాళ్ళంతా వరస కట్టారు. నేల మీద పడుకున్న మనిషి మీదికి ఒంగడం, లేవడం, సుద్దం. నవ్వినవాళ్ళు ఎప్పుడు ఆపేశారో తెలియదు. అయ్య పడుకునే ఉన్నాడు. “పన్నెండో పేరు రాయండి బాబూ,” అన్నాడు. “నాది.”

మర్నాడు కంపెనీవాళ్ళే వ్యాను వేశారు. నేను అమ్మ కొంగు వదల్లేదు, నన్నూ ఎక్కించుకున్నారు. పెద్దాసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది తాగుడు గురించే. అయ్య పుస్తకం ఇచ్చాడు. డాక్టరు పేర్లు చదువుతాడనుకున్నాం. ఆయన చదవలేదు. చివరి పేజీ చూసి, వెనక్కి తిప్పాడు, ఇంకా వెనక్కి, మొదటి పేజీ దాకా.

“ఈ పుస్తకం మొత్తం రాసింది ఒక్కరేనా?”

“నానే బాబూ.”

“మొదటి పేజీ రాసి ఎన్నాళ్ళైంది?”

“మూడేళ్ళు.”

డాక్టరు రెండు పేజీలూ పక్కపక్కన పట్టుకుని మాకు చూపించాడు. మొదట్లో గారెల్లాంటి అక్షరాలు. మధ్యకి వచ్చేసరికి శనగలు. చివర్లో ‘శుద్ధం’ ‘శుద్ధం’ ‘శుద్ధం’ అని చీమలు బారు కట్టినట్టు, కాగితం మీద ఒక మూలకి ఒదిగిపోయి. రోజూ పక్కన కూర్చుని చూసిన నాకు కనబడలేదు. రోజూ రాసిన ఆయనకీ కనబడలేదు. ఆ దుమ్ము తెచ్చే జబ్బులో నవ్వు అదుపు తప్పుతుందట, అక్షరాలు అలా కుంచించుకుపోతాయట. పదకొండు మంది కోసం రాసిన సాక్ష్యం అయ్య మీదే సాక్ష్యమైంది.

జబ్బు గని వల్లే వచ్చిందని కంపెనీ కాగితం మీద ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ గొట్టాలు వేశారు. నీళ్ళు కొడుతూ డ్రిల్లు వేయడం మొదలైంది. మనుషులు బురదతో పైకి వచ్చారు, దుమ్ముతో కాదు. అయ్యకి తేలిక పని అని పొద్దున్నే ఆ గొట్టాలకి నీళ్ళు వదిలే చక్రం తిప్పే పని ఇచ్చారు. మూడేళ్ళు తిప్పాడు. తర్వాత ఆయన చేతికి చక్రం తిరగలేదు, ఆ తర్వాత గొంతు పెగల్లేదు. గేటు దగ్గర మాట్లాడితే రాయి ఏరే చోటికి వినిపించిన గొంతు, మంచం పక్కన చెవి పెడితే గానీ వినబడేది కాదు. నేను పదో తరగతి తప్పిన ఏడు పోయాడు. ఆయన చివరి సాయంత్రం కూడా అమ్మ మొహం మీదికి ఒంగి ఊపిరి పీల్చింది. అలవాటు. ఇప్పుడు అమ్మా లేదు.

మా ఆయన రమణ, నాకు సొంత మేనబావ. మాంగనీసు కరిగించే కొలిమి ఫేక్టరీలో చేస్తాడు. ఇప్పుడు ముక్కుకి మాస్కులిస్తారు, ఏడాదికోసారి పరీక్షలంటారు. అప్పటితో పోలిస్తే ఎంతో మేలు, కాదనను. మాస్కు మాత్రం మెడలో వేలాడుతూ ఇంటికి వస్తుంది. నేను ఆయన నోరు వాసన చూడను. ప్రతి ఆదివారం సరుకుల చీటీ రాయిస్తాను. నాకు రాదా అంటే వచ్చు. ‘నీ రాత బాగుంటాది బావ’ అంటాను. సరుకులు తెచ్చాక ఆ చీటీలన్నీ రవ్వ డబ్బాలో దాస్తాను. ఎందుకో ఆయనకి తెలియదు.

బుధవారం మధ్యాహ్నం పుస్తకం విప్పాను. తర్వాత రవ్వ డబ్బా దించి, చీటీలన్నీ మంచం మీద పరిచాను, పెళ్ళైన కొత్తలోవి మొదలు మొన్న ఆదివారం దాకా. మొన్నటి చీటీలో అక్షరాలు చిన్నగా ఉన్నాయి. మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాను.

“ఇదేటి బావా, ఇంత సిన్నగా రాసినావు?”

“సీటీ సిన్నది కాదేటే? బస్సు టిక్కెట్టు ఎనకాల రాయమంటే కందిపప్పంత రాయాల మరి.”

గోడ మీది కేలండరు కాగితం చింపి, వెనక్కి తిప్పి, ముందు పెట్టాను. నా మొహం చూసి వేళాకోళం మానేశాడు. ఒక్క మాట రాశాడు. ‘ఉప్పు.’ కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు చెప్పాను, అయ్య రాత సంగతి, చీటీలు దాచే సంగతి, పెళ్ళైన ఇన్నేళ్ళకి మొదటిసారి. ఆయన అయ్య పుస్తకం తిరగేశాడు, మొదటి పేజీ నుంచి చివరిదాకా. లేచి, గుమ్మం నుంచి పొయ్యి దాకా వెనక్కి నడిచాడు. పక్కన బకెట్టు ఉన్నా తగల్లేదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

“మరి నువ్వో?” అన్నాడు. “ఆ దుమ్ములోనే పుట్టి పెరిగినావు. ఆ నీళ్ళే తాగినావు. నిన్నెవుడు సూస్తన్నాడు?”

ఈ మాట నాకెప్పుడూ తోచలేదు. పెన్ను నా చేతిలో పెట్టాడు. చెయ్యి వణికింది. భయానికా, ఇంకెందుకైనానా, తెలుసుకునే ధైర్యం లేక కళ్ళు మూసుకునే రాశాను, ఆయన ‘ఉప్పు’ కింద నా ‘పప్పు’. కళ్ళు తెరవలేదు. కాగితం లాక్కున్న చప్పుడు వినిపించింది. అయ్య పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు, పక్కన పెట్టి పోల్చిన చప్పుడు. అంతసేపు ఎందుకు చూస్తున్నాడో తెలియలేదు.

“సుద్దం,” అన్నాడు.